రోడ్డుకి ఓనరున్నాడు, రోడ్డు పక్కకి లేడు: విజయనగరం ఫిర్యాదులు ఎక్కడ ఆగిపోతున్నాయి?

క్లుప్తంగా: రోడ్డు పక్క తుప్పలు, పూడిపోయిన కాలవలు, అంచు విరిగిన తారు, ఎత్తకుండా వదిలేసిన కొమ్మలు, వీటి మీద ఏటా అవే ఫిర్యాదులు వస్తాయి, చాలావరకు క్లోజ్ కూడా అవుతాయి, వీధి మాత్రం అలాగే ఉంటది. దీనికి ఏ ఒక్కరి బద్ధకమో కారణం అనుకుంటే లెక్క తేలదు. మార్జిన్, అంటే తారు అంచుకి, ఇళ్ళ గోడకి మధ్య ఉండే ఆ నాలుగడుగుల జాగాలో నాలుగైదు శాఖలకి తలో ముక్క పని ఉంది, మొత్తానికి జవాబు చెప్పే మనిషి లేడు. ఫిర్యాదు కూడా అలాగే ముక్కలై, ఏ ముక్కకి ఆ ముక్క మూసుకుపోతోంది.

ఒక వీధి, ఒక వారం

విజయనగరంలో ఏ పాత వీధినైనా తీసుకోండి, జులై నెల, సోమవారం పొద్దున్నే శానిటేషన్ వాళ్ళు ఇద్దరొస్తారు. పొడుగు కర్రకి బిగించిన పారతో కాలవలోంచి పూడిక లాగి గట్టు మీద పోస్తారు. నల్లటి బురద, అందులో పాల ప్యాకెట్లు, గుట్కా కవర్లు, కొబ్బరి పీచు, ఎవరిదో ఒంటి చెప్పు. దాన్ని అప్పుడే ఎత్తరు, ఎత్తలేరు కూడా, నీళ్ళోడుతున్న బురద ట్రాక్టర్‌లో వేస్తే దారంతా కారుతూ పోద్ది కాబట్టి ఒకట్రెండు రోజులు ఆరాలి. మంగళవారం కరెంటు వాళ్ళు వస్తారు, పది నుంచి రెండు దాకా సప్లై ఆపి వైర్లకి తగులుతున్న వేప కొమ్మలు కొట్టి కింద పడేసి వెళ్ళిపోతారు. ఆ కొమ్మలు సరిగ్గా వెళ్ళి పూడిక కుప్పల మీదే పడతాయి. బుధవారం ట్రాక్టర్ వస్తుంది, పైన కొమ్మలుంటే పారతో కుప్ప ఎత్తడం అయ్యే పని కాదు, కొమ్మలు మా లెక్కలోవి కాదని పక్క వీధికి పోద్ది. గురువారం వాన. శుక్రవారం చూసేసరికి పూడికలో సగం మళ్ళీ కాలవలోనే ఉంటది.

గమనిస్తే ఇందులో పని ఎగ్గొట్టినోళ్ళు ఎవరూ లేరు. కాలవ తీశారు, కొమ్మలు కొట్టారు, ట్రాక్టర్ రౌండ్ తిరిగింది. ఎవరి రిజిస్టర్‌లో వాళ్ళకి పని అయిపోయినట్టే. వీధి వాళ్ళ ఫిర్యాదు మాత్రం ఈ నాలుగు రోజుల మధ్య సందుల్లో పుట్టింది, ఆ సందు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

ఈ రోడ్డు ఎవరిది?

మామూలుగా ఊర్లో రోడ్డంటే మున్సిపాలిటీదే అనుకుంటాం. వీధి రోడ్ల వరకు అది నిజమే, కార్పొరేషన్ల 1955 చట్టం ప్రకారం పబ్లిక్ వీధులు కార్పొరేషన్ చేతిలోనే ఉంటాయి. కానీ పట్నంలోకి వచ్చే పెద్ద రోడ్లు కొన్ని ఆర్ అండ్ బీవి (రోడ్లు, భవనాల శాఖవి), కొన్ని జాతీయ రహదారులు. సాలూరు, గజపతినగరం మీదుగా విజయనగరం వచ్చి నాతవలస దగ్గర 16వ నంబర్ హైవేలో కలిసే 26వ నంబర్ రోడ్డు అలాంటిదే, పాత వాళ్ళు ఇప్పటికీ దాన్ని 43 అనే పిలుస్తారు. పట్నం హద్దు దాటిన వెంటనే పంచాయతీరాజ్ రోడ్లు మొదలవుతాయి. ఒకే రోడ్డు మీద తిన్నగా వెళ్ళేవాడికి ఎక్కడ చెయ్యి మారిందో తెలీదు, గోతుల సైజు మారినప్పుడు తప్ప.

ఇదంతా తారు వరకే. తారు అంచు నుంచి ఇళ్ళ గోడ దాకా ఉండే జాగా ఇంకా గజిబిజి. కాలవ కట్టేది ఇంజినీరింగ్ సెక్షన్, అదే కాలవ శుభ్రం చేసేది శానిటేషన్. అక్కడ బడ్డీ పెట్టినా, మెట్లు కట్టి ముందుకి జరిగినా చూడాల్సింది టౌన్ ప్లానింగ్. స్తంభం, వైర్లు కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌వి, ఆ స్తంభానికి వేలాడే వీధి లైటు మాత్రం కార్పొరేషన్‌ది. కింద మంచినీళ్ళ పైపు, దాని పక్కన ఎవరో ఒక ఇంటర్నెట్ కంపెనీ కేబుల్. పెద్ద రోడ్డయితే తారు ఆర్ అండ్ బీది, పక్కనే ఉన్న కాలవ కార్పొరేషన్‌ది, అంటే రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే కాలవ పూడింది అని ఆర్ అండ్ బీ వాళ్ళు, రోడ్డు వాలు సరిగ్గా లేదు అని కార్పొరేషన్ వాళ్ళు, ఇద్దరి మాటా చాలాసార్లు నిజమే.

2024 నవంబర్ 2న అనకాపల్లి జిల్లా వెన్నెలపాలెంలో గోతులు లేని రోడ్ల కార్యక్రమాన్ని ముఖ్యమంత్రి మొదలుపెట్టాక మా వీధికి ఎప్పుడొస్తారు అని చాలామంది అడిగారు. ఆ కార్యక్రమం ప్రధానంగా ఆర్ అండ్ బీ రోడ్లది. వీధి లోపలి రోడ్డుకి దాంతో పెద్దగా సంబంధం లేదు, కానీ టీవీలో చూసినవాడికి రోడ్డంటే రోడ్డే కదా.

క్లోజ్ అయిన ఫిర్యాదు, తెరిచే ఉన్న గొయ్యి

ఫిర్యాదు చెయ్యడానికి దార్లు తక్కువేం లేవు. 2019 అక్టోబర్ 2న మొదలైన వార్డు సచివాలయాలున్నాయి, వాటిల్లో ఎమినిటీస్ సెక్రటరీ, శానిటేషన్ సెక్రటరీ, ప్లానింగ్ సెక్రటరీ అని వేరువేరుగా ఉన్నారు. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్ ఉంది, ఒకప్పుడు దాన్నే స్పందన అనేవారు. ఫోన్‌లో చెప్పడానికి 1100 నంబర్ ఉంది. కార్పొరేటర్ ఇంటి గుమ్మం సరేసరి.

చిక్కు ఫిర్యాదు తీసుకునే దగ్గర లేదు, దాన్ని విభజించే దగ్గర ఉంది. సిస్టమ్‌లో ప్రతి అర్జీకి ఒక శాఖ, ఒక ఆఫీసరు, ఒక గడువు ఉండాలి. "మా వీధిలో కాలవ నిండి నీళ్ళు రోడ్డెక్కి రోడ్డు పాడైంది, లైటు లేదు, చీకట్లో బండి జారి పడుతున్నారు" అని ఒకాయన రాస్తే అది చదివే మనిషికి ఒకే బాధ, కంప్యూటర్‌కి మాత్రం మూడు శాఖలు. ఎంట్రీ చేసేవాళ్ళు మొదటి మాట చూసి శానిటేషన్‌కి పంపిస్తారు. శానిటేషన్ వాళ్ళు కాలవ తీయించి, తీసిన చోట ఫొటో కొట్టి అప్‌లోడ్ చేసి, పని అయ్యిందని రాతపూర్వకంగా ఎండార్స్‌మెంట్ ఇచ్చి క్లోజ్ చేస్తారు. వాళ్ళ వంతుకి అది న్యాయమైన క్లోజే. రోడ్డు, లైటు ముక్కలు ఎవరికీ వెళ్ళనే లేదు.

పైగా పై ఆఫీసర్లు చూసేది గడువు దాటిన అర్జీలు ఎన్ని, మళ్ళీ రీ ఓపెన్ అయినవి ఎన్ని అనే లెక్కే. దేన్ని లెక్కపెడితే దాని మీదే పని జరుగుద్ది, కాబట్టి త్వరగా మూయగలిగే పని ముందు జరుగుద్ది. లైటు మార్చడం అరగంట పని, బెర్ము, అంటే తారు అంచున ఉండే మట్టి పట్టీ, సరిచెయ్యడానికి ఎస్టిమేట్, శాంక్షన్, టెండర్ కావాలి. రెండోదానికి "నిధులు వచ్చిన వెంటనే చేపడతాం" అని రాసి క్లోజ్ చేసే అలవాటు ఇక్కడినుంచే వచ్చింది. లైట్ల మీద ఫిర్యాదులు బాగానే తీరతాయి, మార్జిన్ల మీద ఫిర్యాదులు తీరవు అని జనం అనుకోవడంలో తప్పేం లేదు, దాని వెనక మెకానిజం ఇదే.

గొయ్యి రోడ్డు మధ్యలో పుట్టదు

గోతుల మీద కోపం ఎక్కువ, బెర్ముల మీద ఎవరూ మాట్లాడరు, కానీ చాలా గోతులకి పుట్టిల్లు బెర్మే. తారుకి, నిలవ నీటికి పడదు. నీళ్ళు సన్నటి పగుళ్ళలోంచి కిందకి దిగితే కంకరకి తారు పట్టు వదిలేస్తుంది, పైన లారీ చక్రం పడిన ప్రతిసారీ ఆ నీళ్ళు లోపల పంపు కొట్టినట్టు కొట్టి కంకరని లేపేస్తాయి. అందుకే రోడ్డుని మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలకి వాలుగా వేస్తారు, తారు రోడ్డుకి ఆ వాలు రెండు, రెండున్నర శాతం ఉంటది. పక్కనున్న మట్టి బెర్ముకి ఇంకో అర శాతమైనా ఎక్కువ వాలుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్తుంది, అప్పుడే తారు మీంచి జారిన నీళ్ళు ఆగకుండా కాలవలో పడతాయి.

వీధుల్లో జరిగేది దీనికి తలకిందులు. ఊడ్చిన మట్టి అంచుకి చేరుతుంది, దాని మీద గడ్డి మొలుస్తుంది, గడ్డి ఇంకా మట్టిని పట్టుకుంటుంది, ఎవరో ఇల్లు కట్టి మిగిలిన ఇసక, ముక్కలు అక్కడే సర్దేస్తారు. మూడు నాలుగేళ్ళకి బెర్ము రోడ్డుకన్నా ఎత్తు అయిపోద్ది. కాలవ మూడడుగుల దూరంలోనే ఉన్నా నీళ్ళు అక్కడికి వెళ్ళలేవు, అంచునే నిలబడతాయి, గొయ్యి అక్కడ మొదలై మధ్యకి పాకుతుంది. దీనికి రివర్స్ కేసు కూడా ఉంది, పాత తారు మీద కొత్త లేయర్ వేసి బెర్ముకి గ్రావెల్ వెయ్యకుండా వదిలేస్తే రోడ్డు అంచు మెట్టులా తయారవుద్ది, ఎదురుగా బస్సొస్తే కిందకి దిగిన స్కూటీ మళ్ళీ పైకి ఎక్కలేక జారిపోద్ది, ఆ అంచు ముక్కలు ముక్కలుగా ఊడిపోద్ది.

ఒక్క గొయ్యి పూడ్చడానికి అంత టైమెందుకు అనేదానికి కూడా లెక్క ఉంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, అయిదు సెంటీమీటర్ల లోతు గొయ్యికి పట్టే తారు మిక్స్ దాదాపు 115 కిలోలు. ప్లాంట్ నుంచి టిప్పర్ వస్తే పది టన్నులతో వస్తుంది, అంటే అలాంటి గోతులు 80కి పైనే పూడుతాయి. ఒక్క గొయ్యి కోసం టిప్పర్ రాదు, చల్లారిన మిక్స్ రోలర్ కింద అణగదు, వానల్లో అసలు వెయ్యకూడదు. అందుకే లోడుకి సరిపడా గోతులు పోగయ్యేదాకా, వాన వెనక్కి తగ్గేదాకా ఆగుతారు. ఈ లోపు జనం శాంతించడానికి గ్రావెలో, ఇటుక ముక్కలో పోస్తారు, మర్నాడు వానకి అది చుట్టూ చెల్లాచెదురై గొయ్యితో పాటు కంకర మీద జారడం కూడా బోనస్.

తుప్పలు కొట్టే టైము

తుప్పలు కొట్టమని అర్జీలు ఎక్కువగా వచ్చేది ఆగస్టు, సెప్టెంబర్‌లలో, పాములు కనిపించినప్పుడు, మలుపు దగ్గర ఎదురు బండి కనపడనప్పుడు. పని జరిగేది కూడా అప్పుడే. మొక్క లెక్కలో చూస్తే మాత్రం అది బాగా ఆలస్యం. రోడ్డు పక్కన ఎక్కువగా ఉండే వయ్యారిభామ మొలిచిన నెలా నెలన్నరలో పూతకొచ్చేస్తుంది, ఒక్కో మొక్క వేలల్లో గింజలు రాలుస్తుంది. పూత మీదున్నప్పుడు మిషన్‌తో కోస్తే గింజ చుట్టూ చిమ్ముతుంది, మొదలు మిగిలితే మళ్ళీ చిగురేసి మళ్ళీ పూస్తుంది. అదే జూన్ చివర్లో, నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందు వేళ్ళతో పీకేస్తే మనుషుల ఖర్చు కొంచెం ఎక్కువైనా ఆ ఏటికి సగం బెడద తగ్గుద్ది. ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు వస్తాయి కాబట్టి గ్లౌజులు లేకుండా ఆ పని చెయ్యమనడం వర్కర్ల మీద వేరే అన్యాయం.

ఫిర్యాదు వస్తే పని అనే పద్ధతి ఇక్కడే ఫెయిల్ అవుద్ది. జూన్‌లో మొక్క జానెడుంటది, ఎవరూ ఫిర్యాదు చెయ్యరు, కాబట్టి ఎవరూ పీకరు.

ఇంటి ముందు ర్యాంపు

కాలవ పూడికలో వీధి వాళ్ళ వాటా గురించి కూడా చెప్పాలి, లేకపోతే విశ్లేషణ ఒంటి కాలు మీద నిలబడినట్టు ఉంటది. బండి ఎక్కడానికి ప్రతి ఇంటివాళ్ళూ కాలవ మీద సిమెంటు ర్యాంపు పోస్తారు. పలక అయితే గునపంతో లేపి లోపల శుభ్రం చెయ్యొచ్చు, పోసేసిన ర్యాంపుని లేపలేం. పదడుగుల ర్యాంపు కింద పార వెళ్ళేది రెండు వైపులా కలిపి ఆరేడు అడుగులే, నడుమ మిగిలిన మూడడుగుల్లో బిరడా బిగించినట్టు చెత్త పట్టేస్తుంది. వీధిలో ఇలాంటివి ఇరవై ఉంటే కాలవ అనేది ఇరవై చిన్న చిన్న తొట్లుగా మారిపోద్ది. ర్యాంపు పగలగొట్టడానికి సిబ్బంది వస్తే ముందు అడ్డం పడేది కూడా అదే కాలవ మీద అర్జీ పెట్టిన ఇంటాయనే కావొచ్చు, ఆ సీను ప్రతి ఊళ్ళోనూ ఉంది.

పన్ను పెరిగింది, పని పెరగలేదు అనే మాట

ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద లెక్కేస్తున్నారు, ఏడాదికి పెంపు 15 శాతం దాటకుండా పరిమితి పెట్టారు. అంటే చాలా ఇళ్ళకి బిల్లు ఒక్కసారిగా కాక ఏటా కొంచెం కొంచెం పెరుగుతూ వచ్చింది, ఏటా పెరిగేది ఏటా గుర్తుంటది. 2021 అక్టోబర్‌లో చెత్త సేకరణకి యూజర్ చార్జీ కూడా వచ్చింది, ప్రభుత్వం మారాక అది పోయింది. ఇంత కట్టాక రోడ్డు పక్క గడ్డి కూడా కొయ్యరా అనే కోపం ఇక్కడిది.

అటువైపు లెక్క ఇంకోలా ఉంటది. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి అయిదేళ్ళకి విజయనగరం లాంటి చిన్న నగరాలకి ఇచ్చే గ్రాంటులో 60 శాతాన్ని కట్టేసింది, అందులో సగం తాగునీటికి, సగం పారిశుధ్యం, చెత్త నిర్వహణకి. మిగిలిన 40 శాతమే స్థానిక అవసరాలకి, దాని కోసం కొత్త సీసీ రోడ్డు, కొత్త కాలవ, పార్కు అన్నీ పోటీ పడతాయి. కొత్త సీసీ రోడ్డుకి శంకుస్థాపన ఉంటది, శిలాఫలకం ఉంటది, పేపర్లో ఫొటో ఉంటది. ఉన్న రోడ్డుకి బెర్ము సరిచేసినందుకు కొబ్బరికాయ కొట్టినవాళ్ళు ఉత్తరాంధ్ర మొత్తంలో ఎవరైనా ఉంటే వాళ్ళకి దండ వెయ్యొచ్చు.

శ్రీకాకుళంతో పోల్చి చూస్తే

విజయనగరం మున్సిపాలిటీ 1888 నాటిది, 2019లో కార్పొరేషన్ అయ్యింది, 2021 మార్చిలో 50 డివిజన్లకి ఎన్నికలు జరిగాయి. శ్రీకాకుళం మున్సిపాలిటీ ఇంకా పాతది, 1856 నాటిది, 2015 డిసెంబర్‌లోనే కార్పొరేషన్ హోదా వచ్చింది, కానీ పక్క గ్రామాల విలీనం గొడవ కోర్టుల్లో నడవడంతో 2010లో కౌన్సిల్ గడువు తీరాక అక్కడ ఎన్నిక లేకుండానే ఏళ్ళకేళ్ళు గడిచాయి, ప్రత్యేకాధికారుల పాలన సాగింది.

ఎన్నికైన కౌన్సిల్ ఉంటే చాలు అనుకుంటే విజయనగరంలో రోడ్డు పక్కలు అద్దంలా ఉండాలి, శ్రీకాకుళంలో అధ్వానంగా ఉండాలి. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక గంట, విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక గంట తిరిగి చూస్తే అంత తేడా ఏం కనిపించదు. కార్పొరేటర్ ఉంటే తేడా వచ్చేది మాట వినే దగ్గర, ఎవరో ఒకరి గుమ్మం ముందు నిలబడి అడగొచ్చు, కౌన్సిల్‌లో గట్టిగా అరిచేవాళ్ళు ఉంటారు, ఆ మాటకి విలువ ఉంది, శ్రీకాకుళం వాళ్ళకి ఇన్నేళ్ళు దక్కనిది అదే. కానీ పనిని ముక్కలు చేసే శాఖల అమరిక రెండు చోట్లా ఒకటే. కార్పొరేటర్ కూడా చివరికి ఇంజినీరింగ్ ఏఈకి ఒక ఫోన్, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి ఒక ఫోన్, కరెంటు లైన్‌మన్‌కి ఇంకో ఫోన్ చెయ్యాల్సిందే.

సిరిమాను ముందు ఏం జరుగుద్ది

దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, పొడుగాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఉత్సవం. చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగే ఆ దారి ఉత్సవానికి ముందు చూడాలి. గోతులు పూడతాయి, మార్జిన్ చదునవుద్ది, కొమ్మలు కొట్టినరోజే లేస్తాయి, సిరిమాను కొస ఎత్తులో వెళ్తది కాబట్టి వైర్ల సంగతి ముందే తేలుతుంది. అవే శాఖలు, దాదాపు అదే సిబ్బంది. తేడా ఎక్కడుందంటే అప్పుడు కలెక్టర్ అన్ని శాఖల్నీ ఒక టేబుల్ ముందు కూర్చోబెడతారు, దారి మొత్తాన్ని ఒకే పనిగా చూస్తారు, ఫలానా తేదీకి అవ్వాలి అంటారు. పైగా ఆ తేదీ అమ్మవారిది, వాయిదా వెయ్యడం ఎవరి వల్లా కాదు. శ్రీకాకుళంలో రథసప్తమి ముందు అరసవల్లి దారికి జరిగేదీ ఇదే.

అంటే చేతగాక కాదు. ఏడాదికి కొన్ని రోజులు, ఒకే దారికి మార్జిన్‌కి ఓనరు దొరుకుతాడు. మిగతా వీధులకి కనీసం అక్టోబర్ తుఫాన్ల ముందు అయినా ఇలా ఒక రౌండ్ పడితే లాభం లెక్కించొచ్చు, ఎందుకంటే ఈ తీరానికి 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబర్‌లోనే వచ్చాయి, 2021లో గులాబ్ సెప్టెంబర్ ఆఖర్లో కళింగపట్నం దగ్గర తీరం దాటింది. కొట్టని కొమ్మ, తియ్యని కాలవ ఆ రాత్రుల్లోనే బయటపడతాయి.

ఏ అర్జీ కదులుతుంది

వ్యవస్థ ముక్కలుగా ఉన్నంతకాలం అర్జీ కూడా ముక్కలుగా పెట్టినవాళ్ళకే పని అవుతోంది. కాలవకి ఒకటి, రోడ్డు అంచుకి ఒకటి, కొమ్మలకి ఒకటి, దేని నంబర్ దానిదే. "మా వీధిలో" అని రాయకుండా కరెంటు స్తంభం మీద పెయింట్‌తో ఉన్న నంబర్ రాస్తే చోటు విషయంలో తప్పించుకునే సందు ఉండదు, ఫొటోలో ఆ నంబర్ పడితే ఇంకా మంచిది, ఎందుకంటే క్లోజ్ చేసేటప్పుడు వాళ్ళు పెట్టే ఫొటో కూడా అదే స్తంభంతో ఉండాలని అడగొచ్చు. సగం పనికి క్లోజ్ చేస్తే కొత్త అర్జీ కాకుండా పాతదాన్నే రీ ఓపెన్ చేయించాలి, పైవాళ్ళు లెక్కపెట్టేది దాన్నే.

రోడ్డు వేసిన ఏడాదికే అంచులు ఊడిపోతే ఇంకో దారి ఉంది. కాంట్రాక్టర్ చేసిన ప్రతి పనినీ ఇంజినీరింగ్ వాళ్ళు కొలిచి ఎం-బుక్‌లో రాస్తారు, బిల్లు దాన్నిబట్టే పడుతుంది. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఆ వీధి పనికి సంబంధించిన ఎస్టిమేట్, ఎం-బుక్ పేజీల నకలు అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎస్టిమేట్‌లో బెర్ముకి గ్రావెల్ అసలు పెట్టారా, పెట్టుంటే ఎన్ని క్యూబిక్ మీటర్లు పోసినట్టు రాశారు, ఆ రెండు అంకెలు పట్టుకుని వీధిలోకి వెళ్ళి టేపు పెడితే చాలు.